సౌదా తెచ్చేలోపు బండికి మేత



కరెంటు బండి కొనాలా వద్దా అని ఈ ఏడాది నన్ను అడిగినవాళ్ళు పదిమందికి తక్కువ లేరు. మిల్లులో ఇన్నేండ్లు మోటార్ల నడుమ బతికినోడివి, నీకు తెలుస్తది అంటారు. బండి గురించి నాకు తెలిసింది తక్కువే. ప్లగ్గు గురించి మాత్రం ఈ మధ్య చాలా తెలుసుకోవలసి వచ్చింది. అందుకే ఈ నెల బండి సంగతి పక్కన పెట్టి ప్లగ్గు సంగతి రాస్తున్నాను. అంగడికి పోయి సామాను కొనేలోపు, బండి నిలబడ్డ చోటనే దానికి ఛార్జింగ్ పెట్టుకునే ఏర్పాటు గురించి.

పెద్ద ఊళ్ళల్లో సూపర్ మార్కెట్ల ముందు, మాల్‌ల కింద ఇది వచ్చేసింది. మన బీదర్‌లో ఇంకా అంతంత మాత్రమే. ఇది కార్లోళ్ళ సోకు, మనకేం పని అని మనోళ్ళు తీసి పారేస్తున్నారు. నేనైతే ఒప్పుకోను. సొంత ఇల్లు, ఇంటి ముందు జాగా, జాగాలో సొంత మీటరు ఉన్న కారు ఆసామికి అంగట్లో ప్లగ్గు దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే. రాత్రి ఇంట్లో గుచ్చుకుని పడుకుంటాడు. గల్లీలో కిరాయి గదిలో ఉండే మన ఆటో పిల్లగానికి అంగట్లో ప్లగ్గు లేకపోతే బండే లేదు.

ఇందులో కొత్త తెలివి ఏమీ లేదు. మన పెద్దలు సంతకు బండి కట్టుకుని పోతే ఏం చేసేవాళ్ళు? గంజ్‌లో మూటలు దింపగానే కాడి విప్పి, ఎడ్లను నీడన కట్టేసి, ముందర ఇంత చొప్ప వేసి, తొట్టిలో నీళ్ళు తాగించి అప్పుడు బేరానికి పోయేవాళ్ళు. బేరం అయ్యి, ఉప్పు పప్పు కొనుక్కుని వచ్చేసరికి ఎడ్లు నెమరేస్తూ ఉండేవి. ఎడ్ల మేత కోసమని ఎవడూ వేరే ఒక పూట ఆగలేదు. మిల్లులో మేమూ అంతే. బీము దింపి కొత్త బీము ఎక్కించే వేళకే సాంచెకు నూనె పోసుకునేవాళ్ళం. నూనె కోసమని సాంచె ఆపితే జాబర్ ఊరుకుంటాడా?

ఇక లెక్కకు వద్దాం. మా ఇంటామె కూరగాయలకు పోతే ఇరవై నిమిషాలు. నెల మొదట్లో సూపర్ మార్కెట్‌కు పోతే గంటంబావు, పిల్లలు వెంట ఉంటే ఇంకా ఎక్కువ. మామూలుగా నలభై నిమిషాలు అనుకుందాం. ఈ నలభై నిమిషాల్లో బండికి ఎంత కడుపు నిండుతుంది?

కరెంటు స్కూటర్‌తో వచ్చే మామూలు ఛార్జరు గంటకు ముప్పాతిక యూనిట్ కూడా సరిగ్గా లాగదు. నలభై నిమిషాలకు అర యూనిట్ లోపే. కాని స్కూటర్ ఒక యూనిట్‌కు 30 కిలోమీటర్ల దాకా పోతుంది. అంటే 13, 14 కిలోమీటర్లు చేతికి వచ్చినట్టు. మూడు చక్రాల లిథియం ఆటో గంటకు సుమారు 2 యూనిట్లు తీసుకుంటుంది, యూనిట్‌కు 12, 13 కిలోమీటర్లు నడుస్తుంది. దానికి 16 కిలోమీటర్ల లెక్క. కారుకు 15 ఆంపియర్ల ప్లగ్గు మీద గంటకు 3 యూనిట్లు పోతుంది, యూనిట్‌కు 6, 7 కిలోమీటర్లు. దానికీ 13 కిలోమీటర్లే. చూడండి, బండి చిన్నదైనా పెద్దదైనా, మామూలు ప్లగ్గు మీద నలభై నిమిషాలకు వచ్చేది ఇంచుమించు ఒక్కటే దూరం. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుకు ఇది పెద్దపులికి పల్లీలు పెట్టినట్టు. అది నిండాలంటే పది గంటలు కావాలి. స్కూటర్ మీద పనికి పోయే ఆడపిల్లకు మాత్రం అదే కరెంటు రేపు పొద్దున పోయి రావడానికి సరిపోతుంది.

డీసీ ఫాస్ట్ ఛార్జర్లు అని పెద్ద డబ్బాలు ఉంటాయి. 30 కిలోవాట్లది అయితే అదే నలభై నిమిషాల్లో 20 యూనిట్లు ఎక్కించగలదు, కారు వంద కిలోమీటర్లకు పైగా పోతుంది. అవి పెట్టాలంటే ఖర్చు లక్షల్లో ఉంటుంది, కరెంటు లైను కూడా పెద్దది లాగాలి. హైదరాబాద్ నుంచి గురుద్వారా నానక్ ఝీరాకు, ఝరణీ నరసింహస్వామి దర్శనానికి వచ్చే కార్లకు అట్లాంటివి కావలసిందే. వచ్చేటప్పుడు నూట నలభై కిలోమీటర్ల చిల్లర, పోయేటప్పుడు మళ్ళీ అంత. బండి ఛార్జింగ్ మీద ఉన్న గంటసేపు ఆ యాత్రికులు ఊరికే కూర్చోరు కదా, టిఫిన్ తింటారు, చౌబారా దిక్కు పోయి బిద్రీ సామాను చూస్తారు. ఆ లాభం ఊరిదే. కాని నేను చెప్పేది ఆ పెద్ద డబ్బాల గురించి కాదు. మూడు రంధ్రాల 15 ఆంపియర్ల ప్లగ్గు గురించి.

సూపర్ మార్కెట్ వాళ్ళు ఈ పని ఎందుకు చేస్తారో కూడా తెలిసి ఉండాలి. ఇంగ్లండ్‌లో టెస్కో అని పెద్ద దుకాణాల కంపెనీ ఉంది. 2018 నవంబర్‌లో వాళ్ళు ఫోక్స్‌వ్యాగన్ కార్ల కంపెనీతో కలిసి, తమ 600 దుకాణాల దగ్గర 2,400 బండ్లకు ఛార్జింగ్ జాగాలు పెడతామని చెప్పారు. మామూలు ఛార్జింగ్ ఊరికే. సామాను కొనుక్కో, కరెంటు ఎక్కించుకుని పో అన్నట్టు. జనం అలవాటు పడ్డారు. తర్వాత కరెంటు ధరలు మండిపోయాయి. 2022 నవంబర్ 1 నుంచి ఊరికే ఇచ్చేది బంద్ చేసి యూనిట్‌కు ఇంత అని రేటు పెట్టారు. దీన్ని మోసం అననక్కర లేదు. కొట్టుకు రప్పించడానికి మొదట్లో చాయ్ పోసే బట్టల దుకాణం పద్ధతే అది. అందుకని ఊరికే ఇస్తారా అని మనం అడగవద్దు. న్యాయమైన రేటుకు, మన బండిని కూడా రానిస్తారా అని అడగాలి.

ఈ రానిచ్చే సంగతి దగ్గరికే వస్తున్నాను.

మా చెల్లెలి కొడుకు రెండేండ్ల కింద అప్పు చేసి కరెంటు ఆటో తీసుకున్నాడు. మన పక్కనే జహీరాబాద్‌లో మహీంద్రా వాళ్ళ కార్ఖానాలో ఈ కరెంటు ఆటోలు తయారవుతున్నాయి కాబట్టి, రిపేరు వస్తే దగ్గరలోనే చూసేవాళ్ళు ఉంటారని ధైర్యం. పెట్రోలు ఆటో లీటరుకు 25 కిలోమీటర్లు పోయిందనుకున్నా, రోజుకు వంద కిలోమీటర్లు తిరిగితే 4 లీటర్లు. లీటరు వంద దాటింది. నెలకు 26 రోజులు తిరిగితే పది వేలు దాటి పెట్రోలుకే పోతుంది. కరెంటు ఆటోకు వంద కిలోమీటర్లకు, వైర్లలో పోయేదంతా కలిపి 8 యూనిట్ల చిల్లర. ఇంటి కరెంటు యూనిట్‌కు ఆరు రూపాయలకు అటూ ఇటూ. రోజుకు యాభై రూపాయలు. ఇంత తేడా చూస్తే ఎవరికి ఆశ పుట్టదు? ఆడవాళ్ళకు శక్తి పథకం కింద బస్సు ఊరికే అయినప్పటి నుంచి ఆటోలకు గిరాకీ తగ్గింది కూడా. మా ఇంట్లో ఆడవాళ్ళూ ఆ బస్సే ఎక్కుతారు, మంచి పథకమే. కాని ఆటో పిల్లగానికి ఖర్చు తగ్గించుకోవడం తప్ప వేరే దారి మిగల్లేదు.

వాడు ఉండేది కిరాయి గదిలో. ఇంటి ఓనరు కుటుంబం, ఇంకో కిరాయి కుటుంబం, వీడు, మూడు సంసారాలకు ఒకటే మీటరు. మొదటి పదిహేను రోజులు రాత్రి కిటికీలోంచి వైరు లాగి ఛార్జింగ్ పెట్టుకున్నాడు. పదహారో రోజు ఓనరు వద్దన్నాడు. "మామా, బండి తెచ్చి నెల కాకముందే ఓనరు ప్లగ్గు పీకిండు. కిస్తీ ఎట్ల కట్టాలె?" అని వాడు నా దగ్గరికి వచ్చాడు.

నేను పోయి ఓనరుతో మాట్లాడాను. ఆయన చెడ్డ మనిషి కాదు. కరెంటు చీటీ తెచ్చి నా ముందర పెట్టి, "కాకా, నువ్వే లెక్క చెయ్యి" అన్నాడు. చేశాను. మీకూ చెప్తాను, ఎందుకంటే ఈ లెక్క కర్ణాటకలో ఉండే మనోళ్ళందరికీ పనికొస్తుంది.

మన రాష్ట్రంలో గృహజ్యోతి పథకం ఉంది కదా. 2023 ఆగస్టు 5న కలబురగిలోనే దాన్ని మొదలుపెట్టారు. చాలామంది నోట 200 యూనిట్లు ఊరికే అని వింటాం. పూర్తిగా అట్ల కాదు. 2022-23 సంవత్సరంలో మీ మీటరు నెలకు సగటున ఎంత కాల్చిందో దానికి ఇంకో పది శాతం కలిపి, అంతవరకే ఊరికే. అది దాటి 200 లోపల ఉంటే దాటినదానికి కట్టాలి. 200 దాటితే ఊరికే అనేదే లేదు, మొత్తం చీటీ కట్టాలి. ఓనరు మీటరు మూడు సంసారాలకు కలిపి నెలకు 140 కాలేది. పది శాతం కలిపితే 154. వాళ్ళ చీటీ సున్నా వచ్చేది. ఆటో ఒక్కటే రోజుకు 8 యూనిట్ల లెక్కన 26 రోజులకు 208 యూనిట్లు. ఇంకేం, బండి ఒక్కటే రెండు వందలు దాటేసింది. ఇల్లు కలిపితే 350. మూడు సంసారాల ఉచితం ఒక్క బండి మింగేసింది. సున్నా చీటీ కాస్తా రెండు వేలు దాటుతుంది. వీడు తన వంతు కడతానన్నా మిగతా ఇద్దరి ఉచితం ఎవరు తిరిగి ఇస్తారు? ఓనరు వద్దన్నదాంట్లో తప్పేం ఉంది?

రోజూ సగం బయట, సగం ఇంట్లో ఎక్కిస్తే? అదీ చూశాం. 140కి 104 కలిపితే 244. మళ్ళీ రెండు వందలు దాటిందే. స్కూటర్ అయితే ఈ తంటా లేదు. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే స్కూటర్ నెలకు ముప్పై, ముప్పై ఐదు యూనిట్లకు మించదు, నూటాయాభై రెండు వందల రూపాయలతో పోతుంది. ఆటో సంగతి వేరు. ఇల్లు దాని పొట్ట నింపలేదు. అంటే వాడి బండి మొత్తం ఇంటి బయటే మేయాలి.

బయట అంటే ఎక్కడ? లెక్కకు మన కర్ణాటక పెద్దదే. కరెంటు బండ్లకని ప్రత్యేకంగా పాలసీ తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే, 2017లో. 2024 నాటికి పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లు 5 వేలు దాటి దేశంలో మనమే ముందున్నాం. కాని అందులో నాలుగు వేలకు పైగా ఒక్క బెంగళూరు నగర జిల్లాలోనే. మిగిలినవి మిగతా జిల్లాలన్నీ పంచుకోవాలి. బీదర్ రాష్ట్రానికి పైకొసన ఉన్న ఊరు. మన వంతు ఎంత వస్తుందో చెప్పేదేముంది. ప్రైవేటు స్టేషన్లలో యూనిట్‌కు 15, 20 రూపాయలు కూడా తీసుకుంటారు, పైన 18 శాతం జీఎస్టీ. ఇంట్లో గుచ్చుకుంటే లేని జీఎస్టీ స్టేషన్‌లో గుచ్చుకుంటే ఎందుకో, ఇదేం న్యాయమో పెద్దలకే తెలియాలి. ఇల్లు లేనోడే స్టేషన్‌కు పోతాడు, వాడి మీదనే పన్ను.

మా వాడు మొదట ఒక పెద్ద సూపర్ మార్కెట్‌కు పోయాడు. అక్కడ కింద పార్కింగ్‌లో ఛార్జింగ్ జాగా ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు, ఆటోలు లోపలికి రావద్దని. "నేను కూడా సామానే కొంటా" అని వీడు అంటే, సామాను కొను, బండి మాత్రం రోడ్డు మీద పెట్టు అన్నాడట. రోజంతా ఆ సూపర్ మార్కెట్‌కు గిరాకీని దింపేది ఆటోలే! 2019లో కేంద్ర ప్రభుత్వం నమూనా బిల్డింగ్ నిబంధనలు మార్చి, కొత్త కట్టడాల పార్కింగ్‌లో నూటికి 20 బండ్ల వంతుకు ఛార్జింగ్ వసతి ఉండాలని పెట్టింది. అందులో కారే ఉండాలని, ఆటో ఉండకూడదని లేదు. కాని కట్టేవాడు కారును తలచుకునే కడతాడు. స్కూటర్లకు, ఆటోలకు బయట గోడకు ఒక వరుస ప్లగ్గులు పెట్టాలంటే రెండు రోజుల పని. అది మనం అడిగితేనే అవుతుంది.

చివరికి వాడికి దారి దొరికింది గాంధీ గంజ్‌లో. అక్కడ ఒక ధాన్యం సావుకారుకు వీడు పొద్దున మూటలు మోసేవాడు. పన్నెండింటికి గిరాకీ సద్దుమణుగుతుంది, ఎండకు ఆటో ఎక్కేవాళ్ళూ ఉండరు. పన్నెండు నుంచి రెండు దాకా గోదాము రేకుల కింద బండి పెట్టి ప్లగ్గు గుచ్చుకుంటున్నాడు. అక్కడే అన్నం తింటాడు, ఇంత నడుము వాలుస్తాడు. రెండు గంటలకు 4 యూనిట్లు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా వాడవాడకు సామాను పంపే ఒక కిరాణా దుకాణం దగ్గర ఇంకో 4 యూనిట్లు. మూటలు కట్టేలోపు, లెక్క చూసేలోపు, ఎక్కించేలోపు ఆ రెండు గంటలు ఎట్లాగూ పోయేవే. ప్లగ్గుకు ముందర చిన్న సబ్ మీటరు బిగించారు. యూనిట్‌కు పది రూపాయలు. దుకాణం మీటరు రేటు ఇంటి మీటరు కంటే ఎక్కువ కాబట్టి అది సరైన ధరే, సావుకారుకూ రెండు పైసలు మిగలాలి. నెలకు 208 యూనిట్లకు 2,080 రూపాయలు. ఇంట్లో పెట్టుకున్న దానికంటే ఎనిమిది వందలు ఎక్కువే. అయినా పెట్రోలుకు పది వేలు పోయే కాడ రెండు వేలు. కిస్తీ కడుతున్నాడు. ఓనరుతో పంచాయితీ లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పది రూపాయలా ఆరు రూపాయలా అనేది పెద్ద తేడా కాదు. తీగ గుచ్చుకోవడానికి ఒక జాగా, అదీ బండి ఎట్లాగూ నిలబడే వేళకు, నిలబడే చోట దొరకడమే అంతా. గిరాకీ వేళ వదులుకుని ఎక్కడో దూరాన స్టేషన్ దగ్గర రెండు గంటలు కూర్చుంటే, ఆ కరెంటు ఊరికే ఇచ్చినా నష్టమే.

దుకాణదారులకు ఒక భయం ఉంది. కరెంటు అమ్మితే కేసు అయితదేమో, జెస్కాం వాళ్ళు వచ్చి ఫ్యూజు పీకుతారేమో అని. గంజ్ సావుకారు కూడా మొదట ఇదే అన్నాడు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ తేల్చి చెప్పింది. బండికి ఛార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మడం కిందికి రాదు, అది సేవ, దానికి లైసెన్సు అక్కర లేదని. మన కర్ణాటకలో ఛార్జింగ్ కోసం వేరే కనెక్షన్ తీసుకునే పద్ధతి, దానికి వేరే రేటు కూడా ఉన్నాయి. నాలుగైదు బండ్లు రోజూ వచ్చే దుకాణం అయితే అది తీసుకోవడమే మేలు. ఇంటి మీటరు మీద మాత్రం ఈ వ్యాపారం పెట్టుకోవద్దు.

ఖర్చు కూడా భయపడేంత లేదు. కార్ల ఛార్జింగ్ డబ్బా వేరే. స్కూటర్లకు, ఆటోలకు సరిపోయేట్టు 3 కిలోవాట్ల వరకు ఇచ్చే చవక డబ్బా ఒకటి తయారు చేయించాలని 2021లో కేంద్ర ప్రభుత్వం వాళ్ళు పూనుకున్నారు. దాని ధర 3,500 రూపాయల దాకా దింపాలని వాళ్ళ లక్ష్యం. ఎక్కడ పెట్టవచ్చో వాళ్ళు చెప్పినదాంట్లో రైల్వే స్టేషన్లు, మాల్‌లు, ఆస్పత్రులతో పాటు కిరాణా దుకాణాలు కూడా ఉన్నాయి. కిరాణా దుకాణం అని ఢిల్లీ వాళ్ళకు తట్టింది, మన గల్లీ సావుకార్లకు ఎందుకు తట్టదో!

ఇంకో మాట. ఇది ఆడవాళ్ళు కూడా చదవాలి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఒకటి హాల్లో, ఒకటి పడకగదిలో. ఇద్దరూ నిద్రలో ఉన్నవాళ్ళే. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న కరెంటు బండ్ల షోరూంలో మంటలు లేచి, పొగకు పైన ఉన్న 8 మంది పోయారు. ఆ తర్వాత బ్యాటరీల పరీక్షలు గట్టి చేశారు, నిజమే. అయినా మన గదులు ఎట్లాంటివి? ఒకటే గది, అదే వంట, అదే పడక, ఒకటే తలుపు. తలుపు దగ్గర బ్యాటరీ పెట్టి లోపల పిల్లల్ని పడుకోబెట్టడం నాకు ఏమాత్రం నచ్చదు. పట్టపగలు, గాలి ఆడే చోట, నలుగురు మనుషులు కళ్ళముందు తిరిగే అంగట్లో ఛార్జింగ్ అయితే, పొగ వచ్చినా ఎవరో ఒకరు చూస్తారు, స్విచ్ కొడతారు. బజారు ప్లగ్గు మేలు అనడానికి నాకు ఇది ఒక్కటే చాలు.

ఆ ప్లగ్గు కూడా సక్కగా ఉండాలి. 15 ఆంపియర్ల సాకెట్, మందం వైరు, నిజంగా భూమిలోకి దిగిన ఎర్తింగ్, పక్కన ఎంసీబీ. మిక్సీకి వాడే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఆటో పెడితే వైరు వేడెక్కి మెత్తబడుతుంది. మిల్లులో కాలిన మోటార్ల వాసన తెలిసినోళ్ళు మన వాడల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళతో ఒకసారి చేయి పెట్టి చూపించండి. ఎండలో తిరిగి తిరిగి వచ్చిన బండికి వెంటనే గుచ్చవద్దు. నీడన పెట్టి పావుగంట చల్లారనివ్వాలి.

బండిలో ఏ బ్యాటరీ ఉందో కూడా అడిగి తెలుసుకోండి. పాత రకం ఈ-రిక్షాల్లో ఉండే సీసం-ఆసిడ్ బ్యాటరీలు నిండడానికి 8 నుంచి 10 గంటలు పడతాయి. వాటిని సగం సగం నింపి వదిలేస్తే తొందరగా చెడతాయి. వాటికి అంగట్లో నలభై నిమిషాలు పెట్టి లాభం లేదు, రాత్రంతా పెట్టవలసిందే. లిథియం బ్యాటరీకి ఆ పట్టింపు లేదు. అది కొంచెం కొంచెంగా తిన్నా ఓర్చుకుంటుంది, పూర్తిగా ఖాళీ చేస్తేనే దానికి కష్టం. కాబట్టి ధర తక్కువని సీసం బండి కొనేవాళ్ళు, రాత్రి ప్లగ్గు ఎక్కడో ముందే చూసుకోవాలి. షోలాపూర్, భీవండి దిక్కు ఉండే మనవాళ్ళకు గృహజ్యోతి లెక్క వర్తించదు, మహారాష్ట్ర పద్ధతులు వేరు. బ్యాటరీ లెక్క మాత్రం ఎక్కడైనా ఒకటే.

ప్లగ్గు పంచుకునే మర్యాద కూడా నేర్చుకోవాలి. బోరింగు దగ్గర బిందె పెట్టి ఇంటికి పోయి ముచ్చట్లు చెప్పేవాళ్ళు ప్రతి వాడలో ఉంటారు. ఇక్కడా అదే జరుగుతుంది. బండి నిండినా ప్లగ్గు తీయరు, వెనకవాడు ఎదురు చూస్తుంటాడు. నిండిన తర్వాత కూడా జాగా పట్టుకుని ఉంటే నిమిషానికి ఇంత అని జరిమానా వేసే స్టేషన్లు ఉన్నాయి. మనకు జరిమానాలెందుకు, పలక మీద పేరు, టైము రాసి పెడితే చాలు. గంజ్‌లో అదే చేశారు. సావుకారు దగ్గర ఇప్పుడు రెండు ప్లగ్గులే. గంజ్ సెలవు రోజు గోదాముకు తాళం పడుతుంది, ఆ పూట మా వాడికి ఇబ్బందే.

అందుకని మా వాడలో ఆటోలు, స్కూటర్లు ఉన్నవాళ్ళం కలిసి సాయంత్రం కిరాణా దుకాణం ఆయనతో మాట్లాడాం. దుకాణం పక్క గోడకు నాలుగు ప్లగ్గులు, పైన రేకు, ఒక్కోదానికి చిన్న మీటరు. ఆయన అన్నది ఒక్కటే మాట, "ఎన్ని బండ్లు వస్తయో పేర్లు రాసియ్యి కాకా. పది బండ్లు రోజూ వస్తే నేను పెట్టిస్త. వచ్చినోళ్ళు నా దగ్గరే సౌదా కొనాలె." కొంటాం, ఇప్పుడు కొనేది ఆయన దగ్గరే కదా. ఇప్పటికి ఏడు పేర్లు అయ్యాయి. నాలుగు ఆటోలు, మూడు స్కూటర్లు. స్కూటర్లలో రెండు ఆడపిల్లలవి. వేరే కనెక్షన్‌కు జెస్కాం ఆఫీసులో ఏమేం కాగితాలు అడుగుతారో తెలుసుకోవడానికి నేనూ, ఇంకో ఇద్దరూ సోమవారం పోతున్నాం. ఇంకా మూడు పేర్లు కావాలి. మైలూర్, చిద్రి దిక్కు ఉండి సాయంత్రం మా వాడ మీదుగా పోయేవాళ్ళు కూడా రాయించుకోవచ్చు. పుస్తకం దుకాణం గల్లా పక్కనే ఉంది.